రథంలో ఆ అమ్మాయి ఎవరు?

క్రీ.పూ. 31 సెప్టెంబర్ 2న గ్రీసు పశ్చిమ తీరాన ఆక్టియం దగ్గర జరిగిన సముద్రయుద్ధంలో ఆంటొనీ, క్లియోపాత్రా ఓడిపోయారు. గెలిచిన ఆక్టేవియన్, తర్వాత అగస్టస్ చక్రవర్తి అయినవాడు, తన శిబిరం ఉన్న కొండమీద విజయ స్మారకం కట్టించాడు. ఓడిన నౌకల ముందుభాగాన, శత్రునౌకలను గుద్దడానికి ఉండే కంచు తొడుగులను తెచ్చి గోడకి వరసగా బిగించారు. ఆ గోడమీది లాటిన్ శాసనం దేశం కోసం చేసిన యుద్ధం అంటుంది. ఎవరిమీద చేశారో చెప్పదు.

క్రీ.పూ. 32లో రోమ్ యుద్ధం ప్రకటించింది మాత్రం క్లియోపాత్రా మీదే. ఆంటొనీ పేరెత్తితే అది రోమన్ల అంతర్యుద్ధం అవుతుంది. పరాయి రాణి, అందులోనూ మగవాడిని లోబరుచుకున్న ఆడది అంటే ఆ చిక్కు లేదు. సాహిత్య విద్యార్థినిగా ఈ పద్ధతి నాకు ముందే తెలుసు. ఆక్టియం గురించి రాసిన హోరేస్, వర్జిల్ ఆమెని ఎన్నో విధాలుగా ప్రస్తావించారు. పేరు మాత్రం పలకలేదు.

ఆ స్మారకం దగ్గర తవ్వకాల్లో ఒక పాలరాతి వేదిక ముక్కలు ముక్కలుగా బయటపడింది. క్రీ.పూ. 29లో రోమ్‌లో జరిగిన విజయోత్సవ ఊరేగింపుని దానిమీద చెక్కారు. రథంలో ఆక్టేవియన్‌తోపాటు ఇద్దరు పిల్లలున్నారు: ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. తవ్వకాలు జరిపిన కాన్‌స్టాంటినోస్ జాకోస్ వాళ్ళని క్లియోపాత్రా కవలలు అలెగ్జాండర్ హీలియోస్, క్లియోపాత్రా సెలీనీ అన్నారు. కాదు, ఆక్టేవియన్ కూతురు జూలియా, సవతి కొడుకు డ్రూసస్ అని మరికొందరి వాదన.

ఈ వివాదం తేలకపోవడమే నన్ను ఆలోచింపజేస్తుంది. ఇద్దరమ్మాయిల మధ్యా వయసులో తేడా ఏడాది లోపో, కాస్త అటూఇటూనో. ఒకరు గెలిచినవాడి కూతురు, ఇంకొకరు ఓడినవాళ్ళ కూతురు. ఎవరినైనా ఆ రథంలో నిలబెట్టవచ్చు, తండ్రి వంశగౌరవానికో, శత్రువు పరాభవానికో గుర్తుగా. జూలియాకి తండ్రి తన రాజకీయ అవసరాల కోసం మూడు పెళ్ళిళ్ళు చేశాడు. క్రీ.పూ. 2లో వ్యభిచార నేరం మోపి పాండటేరియా ద్వీపానికి పంపేశాడు. విజేత ఇంటి ఆడపిల్ల కావడం ఆమెకి రక్షణ కాలేదు.

సెలీనీ ఆ ఊరేగింపులో తల్లి ప్రతిమతోపాటు జనానికి ప్రదర్శన అయిందని చరిత్రకారుడు డియో రాశాడు. ఆమెకి ఉత్తర ఆఫ్రికాలోని మౌరెటేనియా రాజు రెండవ జూబాతో పెళ్ళి చేసిందీ అగస్టసే. అయితే ఆమె అక్కడ తన పేరున నాణేలు వేయించింది. వాటిలో కొన్నిటిమీద మొసలి ఉంటుంది. ఈజిప్టుని పట్టుకున్నామని చాటడానికి ఆక్టేవియన్ తన నాణేలమీద వేయించిన జంతువు అదే. సెలీనీ నాణెంమీద మాత్రం ఆ మొసలితోపాటు గ్రీకు అక్షరాల్లో ‘క్లియోపాత్రా రాణి’ అని ఉంటుంది. రోమ్ కవులు పలకని పేరు అది. తల్లిదీ, కూతురిదీ కూడా.