ట్రాయ్ స్త్రీల విలాపం: ఒక గ్రీకు నాటకం, నాలుగు యుద్ధాలు

ఉపోద్ఘాతం

గ్రీకు పురాణగాథలలో ట్రాయ్ యుద్ధం ప్రధానంగా వీరుల కథ. అయితే క్రీ.పూ. 415లో ఏథెన్సులో ప్రదర్శించబడిన యూరిపిడీస్ నాటకం 'ట్రాయ్ స్త్రీలు' యుద్ధం ముగిసిన తరువాత ప్రారంభమవుతుంది. పురుషులు హతులయ్యారు. రాణి హెకూబా, ఆమె కుమార్తె కస్సాండ్రా, కోడలు ఆండ్రోమకే ఏ గ్రీకు అధిపతికి దాసీలవుతారో తెలియక ఎదురుచూస్తుంటారు. పసివాడైన మనుమణ్ణి కోటగోడ మీదనుండి పడవేసి చంపుతారు. తండ్రి డాలుపై తెచ్చిన ఆ దేహాన్ని నాయనమ్మ సమాధికి సిద్ధపరుస్తుంది. ఈ దుఃఖాన్ని ఏ కాలంలో ఎవరు, ఎవరి ఎదుట వినిపించారో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. శత్రువుల కన్నీళ్లు

అంతకు కొన్ని నెలల ముందే ఏథెన్సు సేన మేలోస్ ద్వీపాన్ని లోబరచుకొని, పట్టుబడిన పురుషులను చంపి, స్త్రీలను, పిల్లలను బానిసలుగా చేసిందని చరిత్రకారుడు థుసిడిడీస్ వ్రాశాడు. వ్యవధి చాలా తక్కువ గనుక, నాటకం మేలోస్‌ను ఉద్దేశించి వ్రాసినదేనా అన్న విషయంలో పండితులు ఏకీభవించరు. ఏమైనా, యూరిపిడీస్ శత్రుస్త్రీల ఏడుపును స్వజనుల ఎదుటనే వినిపించాడు. నాటకానికి రెండవ బహుమానం లభించింది. ఆ ఏడే ఏథెన్సు సిసిలీపై దండెత్తింది. క్రీ.పూ. 413లో ఆ సేన నాశనమైంది.

2. ఆధునిక పునఃకథనాలు

1905లో గిల్బర్ట్ ముర్రే ఆంగ్లానువాదం లండనులో ప్రదర్శించబడింది. ఆయన బోయర్ యుద్ధాన్ని (1899-1902) వ్యతిరేకించినవాడు. ఆ యుద్ధకాలంలో బ్రిటిష్ నిర్బంధ శిబిరాలలో 26,000 మందికి పైగా బోయర్ స్త్రీలు, పిల్లలు మరణించారు. నల్లజాతివారి కొరకైన శిబిరాలలోను వేలమంది మరణించారు. 1965లో జాన్ పాల్ సార్త్ర్ అదే నాటకాన్ని పారిస్ రంగస్థలానికి తిరిగి వ్రాశాడు. అల్జీరియా యుద్ధం (1954-62) నాటి జ్ఞాపకాలు అప్పటికింకా పచ్చిగానే ఉన్నాయి.

ఈ ముగ్గురూ బలవంతుల పక్షాన పుట్టి, బాధితుల దుఃఖాన్ని పలికినవారు. 2013లో పరిస్థితి మారింది. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో, దర్శకుడు ఒమర్ అబూసాదా ఆధ్వర్యంలో, సిరియా శరణార్థి స్త్రీలే ఈ నాటకాన్ని ప్రదర్శించారు. హెకూబా మాటల సరసన తాము విడిచివచ్చిన ఇండ్లను గూర్చి, పోగొట్టుకొన్నవారిని గూర్చి చెప్పారు.

ముగింపు

విలాపవాక్యముల గ్రంథంలో కూలిన పట్టణం విధవరాలివలె కూర్చుండి తన నష్టాన్ని తానే పలుకుతుంది. యూరిపిడీస్ నాటకంలో ఆ దుఃఖాన్ని పరాయివాడు పలికాడు. అమ్మాన్‌లో అది తిరిగి బాధితుల నోటికి చేరింది. ఈ ప్రదర్శనలేవీ యుద్ధాన్ని ఆపలేదు. అయినను చరిత్ర ఒక భేదాన్ని చూపుతున్నది: బాధితులు లేనిచోట, బలవంతుల ఎదుట, వారి పక్షాన మాట్లాడడం ఒక బాధ్యత. వారే మన ఎదుట ఉన్నప్పుడు మౌనంగా వినడం మరొక బాధ్యత. దుఃఖితుల ఇంట ప్రవేశించే కాపరి ఈ రెండింటిలో ఆ గడియకు ఏది తగినదో గ్రహించవలసి ఉన్నది.