కంచె తెగింది ఎప్పుడు?

వార్తల విలువలు మంటగలిసింది యూట్యూబర్ల వల్లేనన్న మాట ఇప్పుడు ఏ పాత్రికేయ సభకు వెళ్లినా వినిపిస్తుంది. వేదిక మీదున్నవాళ్లకు అది హాయిగానే ఉంటుంది. తేదీలు దగ్గర పెట్టుకుని చూస్తే మాత్రం ఆ కథ నిలవదు.

తెలుగు పత్రికల మొదటి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1874లో కందుకూరి వివేకవర్ధని, 1908లో బొంబాయి నుంచి కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రిక, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక. పత్రిక వెనక అమృతాంజనం డబ్బుందని నాగేశ్వరరావు పంతులు ఎన్నడూ దాచలేదు. 1974లో ఈనాడు వచ్చాక వార్త జిల్లాలకు, ఆపైన మండలాలకు దిగింది. ఊరి విలేకరికి నికరమైన జీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే సొమ్ము, ప్రకటన తెస్తే కమీషన్. వార్త, ప్రకటన ఒకే చేతిలోకి వచ్చాయి. ఈ ఏర్పాటు గురించి మన పత్రికా చరిత్రలు చెప్పాల్సినంత చెప్పలేదు.

దాని ఫలితం 2009 ఎన్నికల్లో బయటపడింది. అభ్యర్థుల దగ్గర డబ్బు పుచ్చుకుని పొగడ్తలను వార్తలుగా వేశారని ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘమే గొంతెత్తింది. పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డి కలిసి ప్రెస్ కౌన్సిల్ కోసం పేర్లతో సహా 71 పేజీల నివేదిక రాశారు. 2010లో కౌన్సిల్ దాన్ని కుదించి, సారాంశం మాత్రమే బయటపెట్టింది. పూర్తి నివేదిక జనానికి అందడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది. అప్పటికి ఇన్‌స్టాగ్రామ్ పుట్టి నిండా ఏడాది కాలేదు.

డబ్బు ఒక్కటే కారణమంటే అదీ సగం నిజమే. రెండో కారణం తొందర. అది హరియాణాలోని గురుగ్రామ్‌లో జరిగిన ఒక హత్య కేసులో కనిపిస్తుంది.

2017 సెప్టెంబర్ 8న అక్కడి భోండ్సీలో ఓ ప్రైవేటు బడి మరుగుదొడ్డిలో ఏడేళ్ల పిల్లవాడి గొంతు కోశారు. అదే రోజు పోలీసులు బడి బస్సు కండక్టర్‌ను పట్టుకున్నారు. కస్టడీలో ఉండగానే అతను కెమెరాల ముందు నేరం ఒప్పుకున్నాడు. పోలీసు కస్టడీలో చేసిన ఒప్పుకోలు, మేజిస్ట్రేటు ఎదుట చేస్తే తప్ప, కోర్టులో చెల్లదని సాక్ష్య చట్టం చెబుతుంది. క్రైమ్ బీటు చూసే ఏ విలేకరికైనా ఇది మొదటి పాఠం. అయినా మైకులు అతని మూతి ముందు బారులు తీరాయి.

అందరూ నమ్మేశారనడం న్యాయం కాదు, అనుమానపడ్డవాళ్లూ ఉన్నారు. కానీ సీబీఐ దర్యాప్తు కావాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది పిల్లవాడి తండ్రి. నవంబర్‌లో సీబీఐ అదే బడిలోని పదకొండో తరగతి విద్యార్థిని అదుపులోకి తీసుకుంది. పరీక్షలు వాయిదా పడాలని చేశాడన్నది దాని అభియోగం. 2018 ఫిబ్రవరిలో కండక్టర్‌పై కేసు కొట్టేశారు. తప్పుడు కేసు బనాయించారని 2021లో నలుగురు పోలీసులపై సీబీఐ చార్జిషీటు వేసింది.

ఆ ఒప్పుకోలును ఊరూరా మోసింది పేరు, లైసెన్సు, డెస్కు అన్నీ ఉన్న చానళ్లు. రీళ్లు చేసే కుర్రాళ్ల పని కాదది.

ఆ తర్వాత వచ్చినవాళ్లకు దారి సిద్ధంగా ఉంది. 2023 జులైలో హరియాణాలోనే నూహ్‌లో జరగబోయే మతయాత్రకు తరలిరమ్మని పిలుస్తూ వీడియో పెట్టిన గోరక్షకుడు మోను మానేసర్‌ది గురుగ్రామ్ జిల్లానే. లక్ష మంది చందాదారులు దాటినందుకు అంతకుముందే యూట్యూబ్ అతనికి వెండి పలక పంపింది. యాత్రకు అతను రానేలేదు. యాత్ర జరిగిన 31న నూహ్‌లో మతహింస రేగింది. ఆ రాత్రే గురుగ్రామ్ సెక్టార్ 57 మసీదులో నాయబ్ ఇమామ్‌ను చంపారు. ఇక్కడ తేడా ఒప్పుకోవాల్సిందే. పత్రికకు ఎడిటర్ పేరు అచ్చువేయక తప్పదు, తప్పు రాస్తే మర్నాడు మూలనైనా సవరణ వేస్తారు. ఫోను పట్టుకున్నవాడికి ఆ పాటి అడ్డూ లేదు.

సొమ్ము తీసుకుని చేసిన వీడియో అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో హైదరాబాద్ పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారకులపై కేసులు పెట్టారు. రెండూ మంచివే. 2009లో డబ్బిచ్చి రాయించుకున్న వార్తల కింద మాత్రం ‘ప్రకటన’ అన్న నాలుగక్షరాలు లేవు.