గోథిక్కు నవల – భయానక పరిభాష

హైదరాబాదునందలి బషీర్‌బాగు పైగా ప్రభువగు సర్ ఆస్మాన్‌జా సౌధమునకు పేరు. సౌధము నేడు లేదు. పేరు మాత్రము పేటకు నిలిచినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము తొలుత పాఠములు నడపినది ఈ పేటయందే, నిజాం కళాశాల చెంతనున్న భవనములలో. దానికి తోడుగా 1917లో నెలకొన్న అనువాద సంస్థ పాశ్చాత్య శాస్త్రముల పరిభాషను ఉర్దూలోనికి తెచ్చుటకై అరబ్బీ, పారసీ ధాతువుల నాశ్రయించి వేలకొలది పదములను కల్పించినది. అంతకు మున్నే 1906లో ఇదే నగరమున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలికి తెలుగున ఇట్టి పనియే పడినది. పరభాషావస్తువు వచ్చినపుడు దానికి పాత పేరు పెట్టవలెనా, క్రొత్తది కల్పింపవలెనా, వచ్చిన పేరునే ఉంచుకొనవలెనా యనునది ఇరువురకును ఒక్కటే చిక్కు.

నవలకు ఈ మూడును జరిగినవి. నరహరి గోపాలకృష్ణమసెట్టిగారు 1872లో తమ శ్రీరంగరాజ చరిత్రమును నవీన ప్రబంధమనిరి. వీరేశలింగముగారు రాజశేఖర చరిత్రమును వచన ప్రబంధమనిరి. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు వాడిన ‘నవల’ యను మాట తుదకు గెలిచినది. క్రొత్త విశేషములను గ్రహించునదియను వ్యుత్పత్తియు దానికి దొరకుటచే పండితులకును సమ్మతమైనది. ఇట్టి అదృష్టము అన్ని మాటలకును పట్టదు.

ఇంగ్లీషు నవలలలో గోథిక్కు అనబడు శాఖ యున్నది. గోథులు 410లో రోమునగరమును కొల్లగొట్టిన జాతి. ఆ పేరును పునర్వికాస కాలపు ఇటలీవారు మధ్యయుగపు కట్టడములకు నిందగా అంటగట్టిరి. హొరేసు వాల్పోలు 1764లో ప్రకటించిన ఓట్రాంటో కోట కథకు మరుసటి యేటి రెండవ కూర్పున గోథిక్కు కథయని ఉపశీర్షిక నుంచగా, నింద కాస్త బిరుదైనది. కావున ఈ మాటకు ‘భయానక నవల’ యని తెలుగుచేయుట తగదు. భయానకము రసము, గోథిక్కు ఒక కాలమునకు, ఒక కట్టడపు తీరునకు సంబంధించిన పేరు. దానిని దానిగనే యుంచుట మేలు.

లోపలి సంగతికి వచ్చినచో పాత సొత్తు మనకు ఆశ్చర్యము గొలుపును. భరతుడు నాట్యశాస్త్రము ఆరవ యధ్యాయమున భయానకమునకు చెప్పిన విభావములను చూడుడు: వికృతధ్వనులు, భూతదర్శనము, నక్కల గుడ్లగూబల అరపులు, శూన్యగృహము, అరణ్యము, స్వజనుల వధబంధనములను చూచుట, వినుట. ఓట్రాంటో కథ ఈ పట్టికను ముందిడుకొని వ్రాసినట్లుండును. పెండ్లినాడే ఆకాశమునుండి పడిన మహాశిరస్త్రాణము క్రింద మాన్‌ఫ్రెడు కుమారుడు నలిగి చచ్చును. కోడలు కావలసిన ఇసబెల్లా చీకటి సొరంగమున పారిపోవును. తుదకు తండ్రి పొరపాటున కన్నకూతునే పొడుచును. వాల్పోలు భరతుని ఎఱుగడు. భయమునకు కారణములు రెండు దేశములందును ఒక్కటేయైనవి.

అంతకంటె ఉపకరించునది భరతుడు భయానకమును వ్యాజము, అపరాధము, విత్రాసితకమని మూడుగా విభజించుట. మాన్‌ఫ్రెడు భయము అపరాధజము. అతని తాత ప్రభువునకు విషమిడి రాజ్యము హరించినవాడు. ఇసబెల్లాది విత్రాసితకము. ఇక ఆన్ రాడ్‌క్లిఫు 1794లో వ్రాసిన ఉడాల్ఫో కథలో నల్లతెర వెనుక నాయిక చూచి మూర్ఛిల్లిన వస్తువు కడపట మైనపుబొమ్మగా తేలును. దీనిని వ్యాజమనుట కొందఱికి తోచును గాని, భరతుని వ్యాజము పాత్ర తెచ్చిపెట్టుకొన్న భయము. ఇచట నాయిక నిజముగనే భయపడినది, మోసపోయినది ఆమె చూపు. కనుక ‘భ్రాంతిజన్య భయము’ అని నాల్గవ పేరు చేర్చక తప్పదు. మన రాజశేఖర చరిత్రమునందును భూతవైద్యుల బూటకము, బైరాగి బంగారపు మోసము బయటపడును. కాని వీరేశలింగముగారు పాఠకుని భయపెట్టి ఊరడింపలేదు, భయపడువారిని చూచి నవ్వించిరి. అది గోథిక్కు కాదు.

రాడ్‌క్లిఫు మరణానంతరము 1826లో వెలువడిన ఒక సంభాషణలో భయమును రెండు తెగలుగా చీల్చినది. ఒకటి అస్పష్టతచే మనస్సును విప్పార్చి మేల్కొల్పును. రెండవది కన్నులయెదుట నిలిచి మనస్సును ముడిచి గడ్డకట్టించును. మొదటిది భయానకమే. రెండవది చాలవఱకు బీభత్సము. 1796 నాటి లూయీసు సన్న్యాసి కథలో నేలమాళిగయందు క్రుళ్లిన శిశుశవము, పురుగులు, భరతుడు చెప్పిన ఉద్వేగి బీభత్సమునకు చక్కని లక్ష్యములు. పాఠకుడు తనకై భయపడక రసమనుభవించుట యెట్లన్న ప్రశ్నకు అభినవగుప్తుడు శాకుంతలమున పరుగిడు లేడిని చూపి సాధారణీకరణమును నిరూపించియేయున్నాడు.

పాత మాట చిక్కు తెచ్చు చోటులును గలవు. ఎడ్మండు బర్కు 1757లో భయమూలకమని చెప్పిన మహత్త్వమును మనవారు ‘ఉదాత్తము’ అనుచున్నారు. ఉదాత్తము సమృద్ధిని వర్ణించు నలంకారము, ధీరోదాత్తుడు నాయకభేదము, స్వరములందును ఉదాత్తము గలదు. నాల్గవ బరువు నెత్తిన పెట్టినచో బాలుడు పరీక్షలో రాముని గుణములు వ్రాసి వచ్చును. ‘భీషణమహత్త్వము’ అనుట కొంత కరకైనను తప్పుదారి పట్టింపదు.

అట్లే ఆ కథలలోని కట్టడమును ‘దుర్గము’ అనగానే యుద్ధము, ముట్టడి తలపునకు వచ్చును. గోథిక్కు కోటకు శత్రువు వెలుపల లేడు. యజమానియే లోపలివారికి భయము. తెలంగాణమున దేశముఖుల నివాసములకు ‘గడి’ యను మాట యున్నది. ఎత్తైన గోడ, ఒక్క వాకిలి, లోపల ఏమి జరుగుచున్నదో ఊరికి తెలియని బ్రతుకు, అన్నియు ఆ రెండక్షరములలో నిమిడియున్నవి.