జీలుగు చివరి గెల

వాళ్లకు కదలడం కొత్త కాదు. ఈ కథలో గుండెను మెలిపెట్టేది అదే. గోదావరి కొండల్లోని ఆదిమ తెగ కొండరెడ్ల ఊరంటే పది పన్నెండు వెదురు గుడిసెలు. పోడు చేను బలం తగ్గితే తడికలు విప్పి, కుండలు నెత్తికెత్తుకుని, కోళ్లను చంకలో పెట్టుకుని మరో వాలుకు నడిచేవాళ్లు. విడిచిన వాలులో అడవి మళ్లీ లేచేది. ఏళ్లు గడిచాక అక్కడికే తిరిగొచ్చేవాళ్లు, ఒక్కోసారి వాళ్లు కాక వాళ్ల పిల్లలు. వెళ్లడమంటే వాళ్ల లెక్కలో తిరిగి రావడంలో సగం. అలాంటి మనుషుల్ని ఒకే ఒక్కసారి, తిరిగి రాలేని చోటికి కదిపారు. ఇంతే కథ. ఇక మిగిలింది తలచుకోవడమే.

మాది బూర్గంపాడు. కిన్నెరసాని వచ్చి గోదావరిలో కలిసే చోటు. పాత రికార్డుల్లో బూర్గంపహాడ్, ఒకప్పటి తాలూకా కేంద్రం. కుక్కునూరు, వేలేరుపాడు అడవులకు కూడా అప్పట్లో కాగితం మీద ఇదే పెద్ద ఊరు. కొండ దిగొచ్చే రెడ్లు వెదురు బుట్టలు, చింతపండు, అడ్డాకుల కట్టలు తెచ్చి, ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కుని పొద్దు వాలకముందే వెళ్లిపోయేవాళ్లు. కోయవాళ్లకు తమ భాష ఉంది. కొండరెడ్లది మన తెలుగే. వాళ్ల గోడు అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా మనకు లేదు.

వేసవిలో నరికి ఎండబెట్టిన కంప తగలబడి బూడిదయ్యేది. తొలకరి పడగానే ఆ బూడిదలో కర్రతో గుంట పొడిచి జొన్న, సామ, కంది గింజలు వేసేవాళ్లు. నాగలి లేదు, ఎడ్లు లేవు. ఇప్ప, మామిడి, చింత చెట్ల మీద మాత్రం గొడ్డలి పడేది కాదు. కొత్త మామిడికాయను కూడా పండగ చేసి దేవతకు పెట్టాకే నోట పెట్టుకోవాలి. కరువు నెలల్లో ఆ మామిడి టెంకే ఆదుకునేది. లోపలి జీడిని రోజుల తరబడి వాగునీళ్లలో నానేసి, చేదు పోయాక దంచి అంబలి కాచుకునేవాళ్లు.

ఇక జీలుగు చెట్టు. దాని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. అది పెరిగినన్నాళ్లూ పూయదు. పూత మొదలైతే తల దగ్గర మొదటి గెల వేస్తుంది. తర్వాతి గెల దానికి కింద, ఆపైది ఇంకా కింద. అలా ఏళ్ల తరబడి పూత మెట్టు మెట్టుగా దిగుతూ వస్తుంది. అన్నిటికన్నా కింది గెల కాసి పండాక చెట్టు చచ్చిపోతుంది. కొండరెడ్డి పొద్దునా సాయంత్రం వెదురు నిచ్చెనెక్కి గెల కోసి కల్లు దింపేవాడు. ఆకుడొప్పల్లో అందరూ తాగేవాళ్లు, దారిన పోయేవాడికీ ఒక డొప్ప ఉండేది. తిండి లేని ఏడు చెట్టు కొట్టి, మొద్దులోని గుజ్జు దంచి పిండి తీసేవాళ్లు. గుడిసె మారినా చెట్టు ఎవరిదో వాళ్లదే. మన పట్టాదారు పుస్తకంలో దానికి గడి లేదు.

ఈ కథ మరోలా మలుపు తిరగాల్సిన చోట్లు ఉన్నాయి. 1940ల మొదట్లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఈ కొండల్లో వాళ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ల మీద పుస్తకం అచ్చు వేశాడు. కలప వ్యాపారుల అప్పుల్లో చిక్కి వెదురు కొడుతూ బతుకులు కరిగిపోతున్నాయని నిజాం సర్కారుకు అప్పుడే తెలిసింది. వ్యాపారి పట్టు కొంత సడలిందేమో గాని, అడవి మాత్రం రిజర్వు హద్దురాళ్ల లోపలే ఉండిపోయింది. 1970లో గిరిజన భూముల బదిలీని ఆపే ఒన్ ఆఫ్ సెవెంటీ వచ్చింది. మంచి చట్టమే. కానీ అది కాపాడేది భూమి అని రాసుకున్నదాన్ని. పదేళ్లు అడవికి వదిలి మళ్లీ అడుక్కునే వాలు ఏ సర్వే నంబరు కిందికి వస్తుంది? 2006 అటవీ హక్కుల చట్టం ఆదిమ తెగల ఆవాసం మీదే హక్కు ఉందని ఒప్పుకుంది. నాకన్నిటికన్నా బాధనిపించే చోటు ఇదే. సరైన మాట చివరికి కాగితం మీదికి ఎక్కింది. అప్పటికే రెండేళ్లుగా గోదావరి మీద పోలవరం ఆనకట్ట పనులు సాగుతున్నాయి.

2014 మే 29న ఆర్డినెన్సు వచ్చింది. తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందు. పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. బూర్గంపాడు మండలంలో మా ఊరితో కలిపి పన్నెండు గ్రామాలు ఇటు మిగిలాయి, తక్కినవి అటు. రాత్రికి రాత్రి వాగవతలి బంధువులు పొరుగు రాష్ట్రం వాళ్లయ్యారు. జలాశయం నిండు మట్టం 45.72 మీటర్లు. ఆ అంకె కింద లక్షకు పైగా కుటుంబాలు. వాటిలో కోయలు, కొండరెడ్లు ఎందరో.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మా వీధుల్లోకీ నీళ్లొచ్చాయి. మేం తిరిగొచ్చి బురద కడుక్కున్నాం, గోడ మీద నీటి గీతను చూసి నిట్టూర్చాం. తిరిగొచ్చాం, అదీ తేడా.

తిరిగి రాలేనివాళ్లు ఇక్కడే కాదు. ఎక్కడో జోర్డాన్‌లో, పెట్రా గుహల్లో కాపురముండే బెదుయిన్లను 1985లో పక్కనే కట్టిన కాలనీకి తరలించారు. ఇరవై ఏళ్లయ్యాక, 2005లో, అక్కడి బెదుయిన్ల జీవన సంస్కృతి మానవాళి వారసత్వమని యునెస్కో ప్రకటించింది. మనిషిని కదిపేశాక అతని పాటను దాచుకోవడం ఎడారిలోనూ ఒకటే, ఏజెన్సీలోనూ ఒకటే.

పునరావాస కాలనీలో ఒక ముసలాయన్ను చూశాను. సిమెంటు గడప మీద కూర్చుని గీతకత్తి నూరుతున్నాడు. చుట్టూ కనుచూపుమేర ఒక్క జీలుగు లేదు. “తుప్పు పడుద్ది బాబూ” అన్నాడు నేను అడక్కముందే. వేళ్లతో అంచు తడిమి, మళ్లీ రాతి మీద పెట్టాడు.

ఆయన తమ్ముడి కొడుకు ఆ వారమే పాత ఊరు చూసొచ్చాడట. వేసవి కదా, నీళ్లు తీశాయి. గుడిసెల చోట ఒండ్రు. వాళ్ల జీలుగు చెట్టు మట్టుకు నిలబడే ఉందని కుర్రాడు నాతో ముందే అన్నాడు. నిలువునా ఎండి, తలలేకుండా. పూత సగం మొద్దు దాకైనా దిగలేదని కూడా చెప్పాడు.

ముసలాయన కత్తి పక్కన పెట్టాడు.

“గెల ఎందాకా దిగిందిరా?”

కుర్రాడు నావైపు ఒకసారి చూశాడు.

“అడుగుకొచ్చేసింది పెదనాన్నా. ఆఖరి గెల కూడా పండి రాలిపోయింది.”

“అయితే సరే” అని ఆయన మళ్లీ కత్తి అందుకున్నాడు.