జెర్మాట్ గ్రామ వారసత్వం: ఊరుమ్మడి హక్కు, బయటివారి స్థానం

1. ఉపోద్ఘాతం:
ఆల్ప్స్ పర్వతాలలోని స్కీయింగ్ గ్రామాల చరిత్రను పర్వతారోహకుల సాహసాలతోనో, హోటళ్ల స్థాపనతోనో ఆరంభించడం పరిపాటి. స్విట్జర్లాండ్‌లోని వాలే రాష్ట్రానికి చెందిన జెర్మాట్ విషయంలో ఈ దృష్టి చాలదు. మాటర్‌హార్న్ శిఖరం (4,478 మీ.) చెంత, సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న ఈ గ్రామ వారసత్వానికి మూలం ఊరుమ్మడి హక్కు. ఆ హక్కు గ్రామాన్ని కాపాడిన తీరునూ, ఇతరులను వెలుపల నిలిపిన తీరునూ పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఉమ్మడి జీవనం:
17వ శతాబ్ది ఆరంభానికి ఇక్కడి రైతు కుటుంబాలు భూస్వాములకు సొమ్ము చెల్లించి వారి హక్కుల నుండి విముక్తి పొందాయి. అడవులు, పచ్చిక బయళ్లు పౌర కుటుంబాల ఉమ్మడి సంస్థ అధీనంలో నిలిచాయి. జర్మన్ భాషలో దీనిని ‘బుర్గర్‌గెమైండె’ అంటారు. ఇందులో సభ్యత్వం ఊరిలో నివసించినంత మాత్రాన లభించదు. ప్రధానంగా వంశపారంపర్యంగా సంక్రమిస్తుంది. గ్రామంలోని హింటర్‌డోర్ఫ్ అనే పాత పేటలో కలప ధాన్యపు కొట్లు నేటికీ ఉన్నాయి. ఎలుకలు ఎక్కకుండా వాటి స్తంభాలపై గుండ్రని రాతిపలకలు అమర్చారు. ఆ ఎత్తైన లోయలో గింజ ఎంత విలువైనదో ఆ పలకలే చెబుతాయి.

3. సైలర్ వివాదం:
వాలేలోనే మరో గ్రామం నుండి వచ్చిన అలెగ్జాండర్ సైలర్ 1850వ దశకంలో జెర్మాట్‌లో మోంటే రోజా హోటలును నడపసాగాడు. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం మాటర్‌హార్న్‌ను తొలిసారి అధిరోహించింది. దిగేటప్పుడు తాడు తెగి, ఏడుగురిలో నలుగురు మరణించారు. ఆ విషాదం గ్రామానికి ప్రపంచ ప్రసిద్ధి తెచ్చింది. 1871లో సైలర్ గ్రామ పౌరసత్వం కోరగా పౌర కుటుంబాలు నిరాకరించాయి. పౌరసత్వమంటే అడవిలోనూ పచ్చికలోనూ వాటా కనుక, ఈ నిరాకరణను కేవలం అసూయగా భావించలేము. అయితే ఆ వివాదం సాగుతుండగానే, 1879లో పౌరసంస్థ తానే జెర్మాటర్‌హోఫ్ అనే హోటలును నెలకొల్పింది. అంటే మనిషిని నిరాకరించి, అతడు చూపిన మార్గాన్ని స్వీకరించింది. చివరకు 1889లో సైలర్‌కు పౌరసత్వం లభించింది. రెండేళ్లకే అతడు మరణించాడు.

4. ముగింపు:
1891లో రైలు జెర్మాట్‌కు చేరింది. 1898లో గోర్నర్‌గ్రాట్ పర్వతంపైకి విద్యుత్ రైలు మొదలైంది. మొదట ఇదంతా వేసవి పర్యాటకమే. 1920ల చివరగాని శీతాకాలపు పర్యాటకం ఊపందుకోలేదు. కనుక ఈ గ్రామ చరిత్రలో స్కీయింగ్ ఇటీవలి పొర మాత్రమే. దాని కింద ఉన్నది ఉమ్మడి భూమి. ఆ భూమి చేజారకపోవడానికి పౌరసంస్థ కట్టుదిట్టమే ప్రధాన కారణమని చెప్పవచ్చు. కాని గ్రామ సంపదను పెంచినవారిలో బయటివారూ ఉన్నారు. నేడు అక్కడ శ్రమించేవారిలో పోర్చుగల్ నుండి వచ్చినవారు గణనీయంగా ఉన్నారు. శ్రమించినవారికి వారసత్వంలో స్థానమేమిటన్న సైలర్ నాటి ప్రశ్న అందువల్ల ఇంకా ముగియలేదు. ధాన్యపు కొట్లను భద్రపరచినంత శ్రద్ధగా ఆ ప్రశ్ననూ చరిత్రలో భద్రపరచడం అవసరం.