కిలోగ్రాము నుండి మైక్రోగ్రాము వరకు

కిలోగ్రామునకు, మైక్రోగ్రామునకు నడుమ మూడు మెట్లు కలవు. మెట్టు దిగునపుడు 1,000తో హెచ్చించవలెను, ఎక్కునపుడు భాగించవలెను. కిలోకు 1,000 గ్రాములు. గ్రామునకు 1,000 మిల్లీగ్రాములు. మిల్లీగ్రామునకు 1,000 మైక్రోగ్రాములు. కనుక ఒక కిలో 100 కోట్ల మైక్రోగ్రాములకు సమానము. సున్నాలు తొమ్మిది, పిల్లలు తరచుగా ఒక మెట్టు మరచి ఆరింటితో ఆపివేయుదురు.

అయోడిన్ పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు కావలెను. సంవత్సరమునకు 54,750 మైక్రోగ్రాములు, అనగా 54.75 మిల్లీగ్రాములు. డెబ్బది సంవత్సరములకు లెక్కించినను నాలుగు గ్రాములు నిండవు! ఆ కొంచెము కరవైననే గొంతున గళగండము పుట్టును. అందుకే కిలో ఉప్పులో, కొనువారి చేతికి వచ్చుసరికి, కనీసము 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండవలెనని మన దేశమున నియమము. గ్రాము ఉప్పునకు 15 మైక్రోగ్రాములన్నమాట.

మందుల విషయమున మాత్రము మిక్కిలి జాగ్రత్త అవసరము. థైరాక్సిన్ మాత్రలపై కనబడు 25, 50, 100 అను అంకెలు మైక్రోగ్రాములు. 100 మైక్రోగ్రాములనగా 0.1 మిల్లీగ్రాము. చీటీలో 'మై.గ్రా.'ను 'మి.గ్రా.' అని చదివినచో మోతాదు వేయి రెట్లగును. తేడా ఒక్క గుణింతపు గుర్తే. కన్నడమునందును ఇదే చిక్కు. కావున ఇంటిలో వ్రాసి పెట్టుకొనునపుడు పొడి అక్షరములు మాని 'మైక్రోగ్రాము' అని పూర్తిగా వ్రాయుడు.