జపాన్ ఇనుప త్సుబాలు: సేకరణ చరిత్ర

జపాన్ కత్తిలో అలుగుకూ పిడికీ మధ్య అమర్చే లోహపు బిళ్ళను త్సుబా అంటారు. పొడిచేటప్పుడు చెయ్యి జారి అలుగు మీదికి పోకుండా ఆపుతుంది, ఎదుటివాడి వేటు నుంచి వేళ్ళను కాస్తుంది, కత్తి బరువును చేతికి అనువుగా సర్దుతుంది. ఒరలో బిగిసిన కత్తిని వదులు చేయడానికి సమురాయ్ ఎడమ బొటనవేలితో నెట్టేది కూడా దీన్నే. పెద్ద కత్తులవి సాధారణంగా 7, 8 సెంటీమీటర్ల వెడల్పు, కొద్ది మిల్లీమీటర్ల మందం ఉంటాయి. బంగారు, రాగి మిశ్రమాలతో చేసిన మెరుపుల త్సుబాలు ఎన్నో ఉన్నా, సేకర్తల్లో ఒక వర్గం పాత ఇనుము కోసమే వెతుకుతుంది. ఈ అభిరుచి నెమ్మదిగా ఏర్పడింది.

మురొమాచి కాలం (1336–1573) నాటి తొలి ఇనుప త్సుబాలు పల్చని గుండ్రటి రేకులు. ఒక పువ్వో, చిన్న గుర్తో తొలిచి ఉంటుంది, అంతే. వీటిలో కొన్నిటిని కత్తులు చేసే కమ్మరులకు, కొన్నిటిని కవచాలు చేసేవారికి ఆపాదిస్తారు. సంతకాలు లేవు కనుక ఈ విభజన సంప్రదాయం మీదే నిలిచింది. తర్వాత క్యోటోలోనూ ఓవారి ప్రాంతంలోనూ జాలీ పని పెరిగింది. క్యోటో పని సన్నం, నాజూకు. ఓవారి పని మందం, బలం. 16వ శతాబ్దం చివరి నాటికి నొబుఇయే, కనెఇయే వంటివారు తమ పేర్లు చెక్కసాగారు. ఫుషిమికి చెందిన కనెఇయే ఇనుప బిళ్ళ మీద కొండలు, నీళ్ళు, మనుషులతో చిత్రాలు దింపాడు.

ఎడో కాలంలో (1603–1868) యుద్ధాలు తగ్గి, త్సుబా హోదాను చూపే ఆభరణమైంది. అయినా హిగో ప్రాంతంలో, ఇప్పటి కుమమోతోలో, ఇనుము తన గౌరవం నిలుపుకుంది. అక్కడి ప్రభువుల కుటుంబానికి చెందిన హొసొకావా తదఒకి (1563–1646) తేనీటి గురువు సెన్ నో రిక్యూ శిష్యుడు. ఆడంబరం లేని అందాన్ని మెచ్చే ఆ కుటుంబపు ఆదరణలో హయాషి మతషిచి, నిషిగాకి కన్షిరో వంటి పనివారు ఎదిగారు. నల్లగా, నునుపుగా ఉండే మతషిచి ఇనుముకు సాటి వచ్చేది మరొకటి లేదనే నిపుణులు నేటికీ ఉన్నారు.

1876లో మెయిజీ ప్రభుత్వం కత్తులు ధరించడాన్ని నిషేధించడంతో ఈ వృత్తి కూలింది. కత్తుల నుంచి ఊడదీసిన త్సుబాలు యూరప్, అమెరికాలకు రాశులుగా వెళ్ళాయి. పారిస్‌లో ఉన్న వ్యాపారి హయాషి తదమాస 1894లో తన త్సుబాల సేకరణను లూవ్ర్ మ్యూజియానికి ఇచ్చాడు. హాంబర్గ్ మ్యూజియంలో పనిచేసిన హరా షిన్‌కిచి 1902లో కత్తి అలంకార కళాకారుల పట్టికను జర్మన్‌లో వెలువరించాడు. బోస్టన్ మ్యూజియం సేకరణపై ఒకబె కకుయా పుస్తకం 1908లో వచ్చింది. అప్పటి పాశ్చాత్యుల్లో చాలామందిని ఆకట్టుకున్నవి కథలు చెప్పే చిత్రాలూ, బంగారు పొదుగులూ. మట్టిరంగు ఇనుప బిళ్ళలోని గొప్పతనం తెలియాలంటే దాన్ని చేతిలోకి తీసుకొని వెలుతురులో తిప్పి చూడాలి. ఆ చూపును జపాన్‌లో అకియామా క్యూసకు వంటి పరిశోధకులు నేర్పారు. 1972లో ఇంగ్లీషులో వచ్చిన ససానో మసయుకి పుస్తకం జాలీ పని త్సుబాలను విదేశీ సేకర్తలకు దగ్గర చేసింది.

నిపుణుడు మొదట చూసేది బొమ్మను కాదు, ఇనుము చర్మాన్ని. మేలైన పాత ఇనుము ఊదా ఛాయ కలిసిన గోధుమరంగులో, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. కనయామా, ఓవారి రకాల అంచుల్లో గట్టి ఇనుము కణుపులుగా పైకి తేలి ఉంటుంది. వీటిని ‘ఇనుప ఎముకలు’ అంటారు, ప్రాణంగా చూసుకుంటారు. ఆ తర్వాత చూసేది నడిమి రంధ్రం. త్సుబాను కొత్త కత్తికి బిగించినప్పుడల్లా రంధ్రం అంచును ఉలితో కొట్టి ఇరుకు చేసేవారు, లేదా రాగి ముక్కలు దూర్చేవారు. ఆ దెబ్బలు, ఆ రాగి త్సుబా ఎన్ని చేతులు మారిందో చెప్పే సాక్ష్యాలు. పోత పోసిన నకిలీల్లో ఇవి సహజంగా ఉండవు. జాలీ లోపలి గోడల్లో ఆకురాయి గీతలకు బదులు పోత అతుకు కనిపిస్తుంది.

పాత త్సుబాకు తుప్పు కన్నా దాన్ని శుభ్రం చేసే చేతులే ఎక్కువ హాని చేశాయి. యాసిడ్‌లో ముంచినా, తీగ బ్రష్‌తో రుద్దినా శతాబ్దాల పొర ఒక్క పూటలో పోతుంది, తిరిగి రాదు. ఓపిక ఉన్నవారు ఎముక లేదా కొమ్ము ముక్కతో ఎర్ర తుప్పును మాత్రమే గీకి, నూలు గుడ్డతో నెలల తరబడి తుడుస్తారు.

1948లో ఏర్పడిన జపాన్ కళాత్మక ఖడ్గ పరిరక్షణ సంఘం త్సుబాలను పరీక్షించి శ్రేణులవారీగా పత్రాలు ఇస్తుంది. టోక్యోలోని ఆ సంఘపు ఖడ్గ మ్యూజియం 2018లో ర్యోగొకుకు మారింది. పత్రం ఉన్నంత మాత్రాన వాదం ముగియదు. నొబుఇయే సంతకాలనే చూడండి: కొన్నిటిలో అక్షరాలు లావుగా, కొన్నిటిలో సన్నగా, ఎడంగా ఉంటాయి. ఇవి ఇద్దరు వేర్వేరు పనివారివని ఎక్కువమంది అంటారు. వారిలో ఎవరు ముందు, వారి తర్వాత అదే పేరు పెట్టుకున్నవారు ఎందరు అన్నది ఇంకా తేలలేదు.